పాత హార్డ్‌డిస్కులో ఉన్నది ఎవరి సొత్తు?

ఈ మధ్య పాతపట్నం నుంచి ఒక ట్యూషన్ మాస్టారు నా సర్వీసు షాపుకి ఒక సీపీయూ తెచ్చారు. పిల్లలకి టైపింగూ పెయింటూ నేర్పడానికి ఆంధ్రా సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలోనే సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. ఇప్పుడు విండోస్ ఎక్కడం లేదు. "కంప్యూటర్ పోతే పోయింది బాబూ, పరీక్ష పేపర్లన్నీ అందులోనే టైపు చేసుకున్నాను. అవి తీసిపెట్టు చాలు" అన్నారు. డిస్కు విప్పి నా మెషీన్‌కి తగిలించి, రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మాస్టారి ప్రశ్నపత్రాలు దొరికాయి. వాటితోపాటు ఆయనకి ఏ సంబంధమూ లేని ఫైళ్ళు వేలకొద్దీ బయటపడ్డాయి.

ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కుల మొదటి పేజీలు, ఒడిశా రెసిడెన్స్ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రాలు, ఒడిశాలో ఆడవాళ్ళకి డబ్బిచ్చే సుభద్ర పథకం ఫారాలు, వెనకాల నీలం రంగు పెట్టి కత్తిరించిన పాస్‌పోర్టు ఫోటోలు. ఆ కంప్యూటరు అంతకుముందు ఏదో జెరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపులో పనిచేసిందని వేరే చెప్పక్కర్లేదు. ప్రివ్యూలో ఒక పాస్‌బుక్కు కనబడింది, ఎవరో ఫోన్‌తో తీసి పంపిన ఫోటో. పేజీ మడత పడకుండా పట్టుకున్న రెండు వేళ్ళు కూడా అందులో పడ్డాయి. గోళ్ళకి పెట్టుకున్న గోరింటాకు సగం దాకా పెరిగిపోయి ఉంది. వేళ్ళ పక్కనే ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు, భర్త పేరు, ఊరి పేరు, అన్నీ స్పష్టంగా చదవొచ్చు.

అక్కడితో ప్రివ్యూ ఆపేశాను. మాస్టారివి మాస్టారికి కాపీ చేసి ఇచ్చి, విషయం చెప్పి, ఆయన ఒప్పుకున్నాక డిస్కు మొత్తం తుడిచి మళ్ళీ విండోస్ ఎక్కించాను. అయితే ఆ కంప్యూటరు ఆయన చేతికి రావడానికి ముందు ఇద్దరి చేతులు మారింది. ఆ ఇద్దరితోనూ మాట్లాడాను. ఆ మాటల తరవాత నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: ఇతరుల కాయితాలతో బతికే షాపువాడు తన పాత కంప్యూటరుని పూర్తిగా చెరపకుండా అమ్మితే, తనది కాని సొత్తు అమ్మినట్టే. ఇది జాగ్రత్తకి సంబంధించిన సలహా కాదు. బాధ్యత. అదీ మొదట అమ్మేవాడిది.

ఫార్మాట్ కొట్టాం కదా!

సెకండ్ హ్యాండ్ షాపు కుర్రాడు ఆశ్చర్యపోయాడు. "అన్నా, నేను ఫార్మాట్ కొట్టే ఇచ్చాను. ఫ్రెష్ విండోస్ వేసి ఇచ్చాను" అన్నాడు. నిజమే, కొట్టాడు. క్విక్ ఫార్మాట్. విండోస్‌లో ఫార్మాట్ బాక్స్ తెరిస్తే ఆ టిక్కు ముందే పెట్టి ఉంటుంది. దాంతో పది సెకన్లలో పని అయిపోతుంది. ఆ పది సెకన్లలో జరిగేది ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికని కొత్తగా రాయడం మాత్రమే. ఫైళ్ళు ఉన్నచోటే ఉంటాయి. హాజరు పట్టీలో పేరు కొట్టేసినంత మాత్రాన పిల్లాడు బడి వదిలి వెళ్ళిపోడు కదా. ఆ తరవాత వేసిన విండోస్ ఒక ఇరవై ముప్పై జీబీ ఆక్రమించుకుంటుంది. 500 జీబీ డిస్కులో మిగతాదంతా పాత షాపు ఫైళ్ళతో అలాగే ఉండిపోతుంది.

ఆ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ ఇస్తే కథ వేరు. విస్టా నుంచి విండోస్ పూర్తి ఫార్మాట్‌లో ఆ డ్రైవు మొత్తం మీద సున్నాలు రాస్తుంది. కానీ సీ డ్రైవుకి ఒకటి, డీ డ్రైవుకి ఒకటి విడివిడిగా చెయ్యాలి. మన షాపుల్లో సీ మాత్రమే ఫార్మాట్ కొట్టి, డీ డ్రైవులో సినిమాలూ పాటలూ ఉంటాయి పాపం అని కొన్నవాడికి అలాగే వదిలేసే అలవాటు కూడా ఉంది. ఆ పాటల పక్కనే 'అప్లికేషన్లు' అనే ఫోల్డరు ఉంటుంది.

ఇది మన సరిహద్దు ఊళ్ళ వెనకబాటుతనం అనుకోవద్దు. అమెరికాలో ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాత్ అనే ఇద్దరు 2000 నుంచి 2002 దాకా పాత డిస్కులు 158 కొని చూశారు. అందులో 129 పనిచేశాయి. సరిగ్గా చెరిపినవి 12 మాత్రమే. ఒక డిస్కు ఏటీఎం నుంచి వచ్చింది. మొత్తం మీద ఐదువేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. 2003లో ఆ వ్యాసం అచ్చయింది. ఆ తరవాత ఇన్నేళ్ళయినా, 2022 సెప్టెంబరులో మోర్గాన్ స్టాన్లీ అనే పెద్ద ఆర్థిక సంస్థకి అక్కడి నియంత్రణ సంస్థ మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది. పాత సర్వర్లూ డిస్కులూ తీసేసే పనిని, ఆ పనిలో అనుభవమే లేని ఒక సామాన్లు మోసే కంపెనీకి అప్పగించారు. అవి చెరపకుండానే చేతులు మారి ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయి. కోటిన్నర మంది ఖాతాదారుల వివరాల సంగతి అది. అంత డబ్బున్న సంస్థలో కూడా అదే జరిగింది: చెరిపే పని తరవాతివాడిదని ప్రతివాడూ అనుకున్నాడు.

"ఈ కాయితాలు ఎవుడేటి సేసుకుంటాడు?"

కంప్యూటరుని మొదట వాడిన జెరాక్స్ షాపాయన నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. మంచివాడు. రాయడం రానివాళ్ళకి ఒడియా ఫారాలు తనే నింపిపెడతాడు, చాలామంది దగ్గర జెరాక్స్ డబ్బులు తప్ప తీసుకోడు. నేను విషయం చెబితే టీ చెప్పి కూర్చోబెట్టాడు.

"ఏటి తమ్ముడూ, ఈ కాయితాలట్టుకెల్లి ఎవుడేటి సేసుకుంటాడు? దొంగోడికైనా డబ్బున్నోడి కాయితాలు కావాల గానీ, కూలోళ్ళ పాసుబుక్కులెందుకు?"

ఈ ప్రశ్నని తేలిగ్గా తీసెయ్యకూడదు. డబ్బున్నవాడి ఖాతాలోంచి డబ్బు లాగడం ఒక్కటే దొంగతనమైతే ఆయన మాట సరైనదే. కానీ ఇప్పుడు దొంగకి కావలసింది డబ్బుకంటే ముందు పేరు. ఇంకొకరి పేరుమీద సిమ్ము, ఇంకొకరి పేరుమీద బ్యాంకు ఖాతా, లోన్ యాప్‌లో అప్పు. 2018లో తెలంగాణలో సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, వాటితో రబ్బరు ముద్రలు చేయించి, వేలకొద్దీ సిమ్ములు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఆ వేలిముద్రలు కోటీశ్వరులవి కావు, పొలాలు కొన్నవాళ్ళవి, అమ్మినవాళ్ళవి. అలాంటివాడికి ఆధార్ నంబరు, పుట్టిన తేదీ, ఫోటో, సంతకం లేదా వేలిముద్ర ఒకచోట దొరకడమే పండగ. జెరాక్స్ షాపు డిస్కులో సరిగ్గా అవే ఒకచోట ఉంటాయి.

అందులోనూ మనది బోర్డరు. మా వైపు చాలా కుటుంబాలకి ఇల్లు ఒడిశాలో ఉంటే పొలం ఆంధ్రాలో ఉంటుంది. పెళ్ళయి ఇటు వచ్చిన ఆడపిల్లల చదువు సర్టిఫికెట్లు తెలుగులో, రేషన్ కార్డు ఒడియాలో. మాస్టారి డిస్కులో ఒకే మనిషికి ఒడిశా భూముల వెబ్‌సైటు భూలేఖ్ నుంచి తీసిన పట్టా నకలూ, ఆంధ్రా భూముల వెబ్‌సైటు మీభూమి నుంచి తీసిన 1బీ అనే పొలం రికార్డూ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. ఆ మనిషి గురించి భువనేశ్వర్‌కి సగం తెలుసు, అమరావతికి సగం తెలుసు. మొత్తం తెలిసింది ఆ పాత డిస్కుకే.

ఇంకో మాట. డబ్బున్నవాడి పేరుమీద దొంగ సిమ్ము తీస్తే అతను లాయరుని పెట్టుకుంటాడు, మేనేజరుకి ఫోన్ చేస్తాడు. 2023 నుంచి కేంద్ర ప్రభుత్వ టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్లో మన పేరుమీద ఎన్ని ఫోన్ నంబర్లున్నాయో ఎవరికి వాళ్ళు చూసుకోవచ్చు. ఆ సంగతి మా షాపుకొచ్చే కూలీలకి ఎంతమందికి తెలుసు? రీచార్జికి వచ్చిన ఒకావిడకి నేనే చూసిపెట్టాను. ఆవిడ పేరుమీద ఉన్న నంబర్లలో రెండు ఆవిడకి తెలియనే తెలియవు. "మా అబ్బాయి తీసుంటాడేమో బాబూ" అంది. అడిగితే అబ్బాయివి కావు. అవి ఏ పాత డిస్కులోంచో వెళ్ళాయని నేను చెప్పలేను. సిమ్ము అమ్మే కౌంటరు దగ్గరే ఒకటికి రెండు తీసి ఉండొచ్చు. కానీ పోయే దారులు నాలుగున్నప్పుడు మన చేతిలో ఉన్న ఒక్క దారైనా మూసెయ్యాలి కదా.

ఇదంతా చెప్పాక ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత ఆయన చెప్పిన మాటకే నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

జెరాక్స్ షాపే బీరువా అయినప్పుడు

"ఆ ముసిల్ది రేపు మళ్ళీ వస్తాది తమ్ముడూ. 'నాయినా, పోయినేడు నువ్వే తీసినావు గదా, అదే కాయితం మళ్ళీ తియ్యి' అంటాది. నా దగ్గిర లేదంటే తాసిల్దారాఫీసు సుట్టూ మళ్ళీ మొదట్నించి తిరగాల. అందుకే ఏదీ డిలీట్ సెయ్యను."

2018 అక్టోబరులో తిత్లీ తుపాను గుర్తున్నవాళ్ళకి ఈ మాట బరువు తెలుస్తుంది. గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, అటు శ్రీకాకుళం వైపు జీడితోటలూ కొబ్బరితోటలూ నేలమట్టమయ్యాయి. ఇళ్ళలోకి నీళ్ళొచ్చినవాళ్ళు ట్రంకుపెట్టెల్లో దాచుకున్న కాయితాలు ముద్దయిపోయి వస్తే, కరెంటు వచ్చాక మా ఊరి జెరాక్స్ షాపుల ముందు ఎలా నిలబడ్డారో నేను చూశాను. నష్టపరిహారం ఫారానికి పాస్‌బుక్కు నకలు కావాలి. పాస్‌బుక్కు లేదు. షాపాయన కంప్యూటర్లో వెతికి, పేరు దొరికినవాళ్ళకి అప్పటికప్పుడు ప్రింటు తీసి ఇచ్చాడు. ఆ రోజున ఆయన అన్నీ చెరిపేసి ఉంటే ఎవరికి మేలు?

అందుకని "పని అవగానే ఫైలు డిలీట్ చెయ్యండి" అని సిటీలో కూర్చుని చెప్పే సలహా ఇక్కడ యథాతథంగా చెల్లదు. ఈమెయిలు లేని, స్మార్ట్‌ఫోన్ లేని మనిషికి ఆ షాపు డిస్కే బీరువా. కాయితాలు ఆన్‌లైన్లో దాచుకునే ప్రభుత్వ డిజీలాకర్ 2015 నుంచి ఉంది, బాగానే పనిచేస్తుంది. కానీ ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరుకి ఓటీపీ రావాలి. మా వైపు ఆ నంబరు చెన్నైలోనో సూరత్‌లోనో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుంది. ఆ నంబరు మూడేళ్ళ కిందటే మారిపోయి ఉంటుంది కూడా.

చాలారోజులు దీని గురించి ఆలోచించాను. ఆయన చెప్పిన దాంట్లో రెండు వేరువేరు విషయాలు కలిసిపోయాయని నాకు అనిపిస్తోంది. కాయితాలు దాచిపెట్టడం ఒకటి. దాచిన డిస్కుని అమ్మడం ఇంకొకటి. దాచిపెట్టడం ఆ ముసలమ్మకి ఉపకారమే, ఒప్పుకుంటాను. కానీ డిస్కుని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసిన రోజున ఆ ఉపకారం ఆయన కొత్త కంప్యూటరుకి కాపీ అయిపోయింది. పాత డిస్కులో మిగిలింది ఉపకారం కాదు, ప్రమాదం ఒక్కటే. దాచే హక్కు ఉన్నంత మాత్రాన వదిలేసే హక్కు రాదు. పైగా నమ్మి దాచమన్నవాళ్ళ పట్ల మామూలు షాపువాడికంటే ఆయనకే ఎక్కువ బాధ్యత ఉంటుంది.

దాచడంలో కూడా కొంత మార్పు కావాలి. ముసలమ్మకి కావలసింది కాయితం నకలు. అది ఆవిడకే ఒక లామినేషన్ చేసిన ప్రింటుగానో, ఇంట్లో చదువుకున్న మనవరాలి ఫోనులోకి పంపో ఇవ్వొచ్చు. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనబడకుండా మాస్క్‌డ్ కాపీ తీసిపెట్టొచ్చు. ఇంకా షాపులోనే ఉంచాలంటే ఒక బయటి డ్రైవులో, పాస్‌వర్డుతో, రోజూ వాడే మెషీనుకి తగిలించకుండా ఉంచొచ్చు. డెస్క్‌టాప్ మీద పేర్లతో సహా పరిచి పెట్టడం మాత్రం వద్దు.

ఇక్కడ 2022 మే నెల సంగతి ఒకటి చెప్పాలి. ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది: ఆధార్ జెరాక్సులు ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వకండి, మాస్క్‌డ్ ఆధార్ వాడండి, నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేస్తే ఆ కంప్యూటర్లోంచి కాపీలన్నీ శాశ్వతంగా డిలీట్ చెయ్యండి అని. జనం కంగారుపడ్డారు. రెండు రోజుల్లోనే కేంద్ర ప్రభుత్వం, తప్పుగా అర్థం చేసుకునే అవకాశముందంటూ దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటనలో నాకు అభ్యంతరం ఉన్నది ఒక్కచోటే. 'శాశ్వతంగా డిలీట్' చెయ్యమని చెప్పింది ఎవరికి? ప్రింటు కోసం వచ్చిన కస్టమరుకి. కౌంటరుకి ఇవతల నిలబడి, మౌసు ముట్టుకునే వీల్లేని మనిషికి. బాధ్యత ఎప్పుడూ ఇలాగే, చెయ్యలేనివాడి నెత్తిన పడుతుంది.

2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఈ విషయంలో దిశ మార్చింది. వ్యక్తిగత డేటా తీసుకున్నవాడే, తీసుకున్న పని తీరిపోయాక దాన్ని చెరపాలంటుంది. సరైన భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా అంటుంది. 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుకావడానికి 18 నెలల గడువిచ్చారు. ఆ జరిమానా భయంతో మా ఊరి జెరాక్స్ షాపులు మారతాయని నేను అనుకోను, వాటిని అడగడానికి ఎవరూ రారు. మారితే ఒకరి మొహం ఒకరు చూసుకునే ఊరు కాబట్టి మారాలి.

పగలగొట్టడం ఎందుకు వద్దంటున్నానంటే

ఇది రాస్తున్నానని తెలిసి ఒక మిత్రుడు "ఇంత గొడవెందుకు, డిస్కు తీసి సుత్తితో నాలుగు వేస్తే పోలా" అన్నాడు. కొన్ని ఆఫీసుల్లో అదే చేస్తున్నారు. ఇంకొందరు భయంతో పాత కంప్యూటర్లన్నీ అటక మీద పెట్టేస్తున్నారు. రెండూ నాకు బాధగానే ఉంటాయి. పనిచేసే 500 జీబీ డిస్కు అంటే మాస్టారి ట్యూషన్లో పదిమంది పిల్లలకి ఒక కంప్యూటరు. కొత్తది కొనలేనివాళ్ళకి ఈ సెకండ్ హ్యాండ్ బజారే దిక్కు. చెరపడం తెలియక పగలగొడితే ఆ పిల్లల చేతిలోది లాక్కున్నట్టే. పైగా సుత్తి దెబ్బకి కేసు సొట్టపోయి, లోపల డేటా ఉండే పళ్ళేలు బాగానే ఉన్న డిస్కులు కబాడీవాళ్ళ దగ్గర నేను చూశాను. లాప్‌టాప్ డిస్కుల్లో చాలావాటికి పళ్ళేలు గాజువి, దెబ్బకి పెంకులు కంట్లో పడతాయి.

చెరపడానికి కావలసింది ఏమిటో చెబితే నవ్వొస్తుంది, అంత తేలిక. తిరిగే పళ్ళేలున్న మామూలు హార్డ్‌డిస్కయితే మొత్తం మీద ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. విండోస్‌లో డిస్క్‌పార్ట్ అనే కమాండు టూల్ తెరిచి, సరైన డిస్కు ఎంచుకుని 'క్లీన్ ఆల్' ఇస్తే అదే పని చేస్తుంది. ఉత్త 'క్లీన్' చాలదు. పెన్‌డ్రైవ్ నుంచి బూటయ్యే ష్రెడ్‌ఓఎస్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. 500 జీబీకి రెండు మూడు గంటలు. సాయంత్రం షాపు కట్టేముందు పెట్టి వెళ్తే పొద్దున్నకి అయిపోతుంది. మా ఊళ్ళో మధ్యలో కరెంటు పోతే మాత్రం మళ్ళీ మొదటినుంచి పెట్టాలి, యూపీఎస్ అంతసేపు ఆగదు. ఏ డిస్కు ఎంచుకున్నామో రెండుసార్లు చూసుకోవాలి. అయ్యాక అదే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెతికి, ఏమీ దొరకలేదని కళ్ళారా చూడాలి. చెరిపాం అనుకోవడానికీ చెరిగిందని తెలుసుకోవడానికీ మధ్య తేడా ఆ ఒక్క పరీక్షే.

ముప్పై ఐదుసార్లు రాయాలి, లేకపోతే ల్యాబుల్లో తీసేస్తారు అని ఒక నమ్మకం ఉంది. అది పీటర్ గుట్‌మన్ 1996లో రాసిన పేపరు నుంచి వచ్చింది. అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ కలిపి ఆయన ఆ వరస ఇచ్చాడు. ఏ డిస్కుకైనా అన్నీ చెయ్యాలనుకోవడం మంత్రం చదివినట్టుందని తరవాత ఆయనే రాశాడు. ఇప్పటి డిస్కులకి ఒక్కసారి చాలు. ముప్పై ఐదు అని చెప్పడం వల్ల జరిగే నష్టమేమిటంటే, అంతసేపు ఎవడు కూర్చుంటాడని అసలు ఒక్కసారి కూడా చెయ్యరు.

నిజంగా కష్టమైనది ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళేలు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డ్రైవు. వేగం కోసం మా ఊళ్ళో అందరూ వాటికి మారుతున్నారు, నేనే రోజూ వేస్తున్నాను. అందులో మనం ఒకచోట రాయమన్నది డ్రైవు తన ఇష్టం వచ్చిన చోట రాస్తుంది. చిప్పులు సమానంగా అరగడానికి ఆ ఏర్పాటు. మనకి కనబడని అదనపు జాగా కూడా ఉంటుంది. అందుకని పైనుంచి సున్నాలు రాస్తే పాతది ఎక్కడో ఒకచోట మిగిలిపోవచ్చు. 2011లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్ళు ఎస్ఎస్‌డీలు విప్పి చిప్పుల్నే నేరుగా చదివి చూశారు. ఒక్కో ఫైలుని చెరిపే పద్ధతులేవీ పనిచెయ్యలేదు. డ్రైవులోనే ఉండే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం కొన్నింటిలో చెరిపేశానని చెప్పి చెరపలేదు కూడా. అప్పటికీ ఇప్పటికీ డ్రైవులు మెరుగుపడ్డాయి. ఎస్ఎస్‌డీకి సరైన దారి ఇప్పటికీ ఆ కంపెనీ టూల్‌తోనో, కంప్యూటరు ఆన్ కాగానే తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోనో ఉండే సెక్యూర్ ఎరేజే. కానీ దానికంటే మంచి పని కొత్త ఎస్ఎస్‌డీ వేసిన రోజునే ఎన్‌క్రిప్షన్ పెట్టుకోవడం. డేటా మొదటినుంచీ తాళంలో ఉంటే, అమ్మే రోజున ఆ తాళంచెవిని పోగొడితే సరిపోతుంది.

ఫోన్లు ఈ విషయంలో కంప్యూటర్లకంటే ముందున్నాయి. 2015లో కేంబ్రిడ్జిలో లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ పాత ఆండ్రాయిడ్ ఫోన్లు కొని చూస్తే ఫ్యాక్టరీ రీసెట్ చేసినవాటిలోంచి మెసేజిలూ అకౌంట్లూ తిరిగొచ్చాయి. ఇప్పుడు కొత్త ఫోన్లు ఎన్‌క్రిప్షన్‌తోనే వస్తున్నాయి కాబట్టి రీసెట్ చేస్తే తాళంచెవి పోతుంది. మెమరీ కార్డు మాత్రం అలా కాదు. దాన్ని తీసి మీ దగ్గరే ఉంచుకోండి.

డిస్కు అసలు తిరగడమే లేదనుకోండి, చెరపడానికి వీల్లేదు. దానికి మాత్రం నేను కూడా పగలగొట్టమనే చెబుతాను. విప్పి, పళ్ళేలు బయటికి తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని.

ఇప్పుడు ఏం చేస్తున్నాం

సెకండ్ హ్యాండ్ షాపు కుర్రాడు ఒప్పుకున్నాడు. తన దగ్గరికొచ్చిన డిస్కులు సాయంత్రం నా దగ్గర పెట్టి పొద్దున్న తీసుకెళ్తున్నాడు. తుడిచిన తేదీ రాసి చిన్న స్టిక్కరు అంటిస్తున్నాను. కస్టమర్లు స్టిక్కరు చూసి ఎక్కువ ధర ఇవ్వడం లేదని అతని ఫిర్యాదు. న్యాయమైన ఫిర్యాదే. కొనేవాడికి దీనివల్ల లాభం ఏమీ లేదు, లాభమంతా ఆ షాపుకి ఎప్పుడూ రాని మనుషులది. అందుకే ఈ పని బజారుకి వదిలేస్తే జరగదని నేను అంటున్నాను. ఖర్చు మొదట అమ్మేవాడు పెట్టుకోవాలి, ఆ ఖర్చు ఒక రాత్రి కరెంటు. ఇంకో రెండు జెరాక్స్ షాపులవాళ్ళు చూద్దాం అన్నారు, ఒకాయన తనకి అవసరం లేదన్నాడు.

పాస్‌బుక్కుల జెరాక్స్ షాపాయన మాత్రం ఇంకో ప్రశ్నతో వచ్చాడు. "తమ్ముడూ, మన జెరాక్స్ మెషీన్లో కూడా డిస్కుంటాదా?" పెద్ద కాపియర్లలో చాలావాటికి ఉంటుంది. తీసిన ప్రతి పేజీ బొమ్మ అందులో పడే అవకాశం ఉంది. 2010లో అమెరికాలో ఒక టీవీ ఛానెల్ వాళ్ళు వాడేసిన కాపియర్లు కొని, వాటి డిస్కుల్లోంచి రోగుల రికార్డులు తీసి చూపించారు. వాటిలో ఒకదాన్ని అద్దెకి తీసుకుని, చెరపకుండా తిరిగిచ్చేసిన ఆరోగ్య బీమా సంస్థ 2013లో పన్నెండు లక్షల డాలర్లకి పైగా కట్టాల్సి వచ్చింది. ఆయన మెషీను కూడా అద్దెదే, బరంపురం నుంచి వచ్చింది, వచ్చే నెల తిరిగి వెళ్ళిపోతుంది. అందులో డిస్కు ఉందా, ఉంటే చెరిపే ఆప్షను సర్వీసు మెనూలో ఎక్కడుంది, చెరిపినట్టు కాయితం ఇస్తారా, ఈ మూడూ మెషీను బండెక్కకముందే అడగమని చెప్పాను. సర్వీసు ఇంజినీరుకి నా ముందే ఫోన్ చేశాడు. ఆ ఇంజినీరు చూసి చెబుతానన్నాడట. రాసిస్తే తప్ప రిటర్న్ కాయితం మీద సంతకం పెట్టనని షాపాయన ఫోన్లోనే చెప్పేశాడు.